కుచ్చిదాతి: సిసిలీ అంజీర్ బిస్కెట్లు మన తిరుపతి వంటింట్లో

ఎండు అంజీర్ కొనేటప్పుడు షాపులోనే ఒక కాయ అడిగి తీసుకుని వేళ్లతో చీల్చి చూడండి. లోపల గింజలు తేనె రంగులో, కాస్త జిగురుగా ఉంటే తీసుకోవచ్చు. పొడిపొడిగా రాలుతున్నా, నల్లటి నుసి కనిపించినా, పులిసిన వాసన వచ్చినా ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. దండగా గుచ్చి అమ్మే రకం చవకే కానీ తాడు పక్కన కాయ గట్టిపడి ఉంటుంది, దుమ్ము కూడా ఎక్కువ. మెత్తగా ఉండే రకం మనకు కావాల్సింది 200 గ్రాములే, దీనికి ఖర్చు పెట్టండి, మిగతా చోట్ల తగ్గించుకుందాం. ఈ బిస్కెట్లో సగం రుచి అంజీర్‌దే.

చేయబోయేది కుచ్చిదాతి. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో క్రిస్మస్‌కి చేసుకునే బిస్కెట్లు ఇవి, కొన్ని ఊళ్లలో బుచ్చెల్లాతి అంటారు. పైన వెన్న పిండి, లోపల అంజీర్, కిస్‌మిస్, బాదం, నారింజ తొక్క, దాల్చిన చెక్క కలిపిన ముద్ద, ఆ పైన తెల్లటి చక్కెర పూత, దాని మీద రంగు రంగుల చక్కెర గింజలు (స్ప్రింకిల్స్). అదే ముద్దతో పెద్ద వలయం చేస్తే అది బుచ్చెల్లాతో. యూట్యూబులో ఈ పేరు కొడితే లుక్కా అనే ఊరి బుచ్చెల్లాతో కూడా వస్తుంది, అది కిస్‌మిస్, సోంపు వేసి చేసే తీపి రొట్టె, దానికీ దీనికీ సంబంధం లేదు, ఆ వీడియో చూసి ఈస్టు కొనకండి. సిసిలీ వాళ్లు మార్చి 19న వచ్చే సెయింట్ జోసెఫ్ పండుగకు కూడా వీటిని చేస్తారు, అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాలు ఈ అలవాటును వెంట తీసుకెళ్లాయి, న్యూ ఆర్లీన్స్‌లో ఆ పండుగ రోజు అలంకరించే బల్లల మీద ఇప్పటికీ ఇవి కనిపిస్తాయి.

లవంగం, దాల్చిన చెక్క, బాదం, నారింజ అన్నీ ఒకే బిస్కెట్లో ఎందుకు పడ్డాయి అంటే, 9వ శతాబ్దంలో అరబ్బులు సిసిలీని గెలుచుకుని రెండు వందల ఏళ్లు ఏలారు, చెరకు, నిమ్మ, నారింజ తోటలు అక్కడ బాగా పెరిగింది ఆ కాలంలోనే. అందుకే ఈ రుచి మన నాలుకకి పరాయిగా అనిపించదు, ప్లమ్ కేక్ ఇష్టం లేని పెద్దవాళ్లు కూడా ఇది తింటారు.

చేసే పద్ధతి కూడా కొత్తదేం కాదు. ఓళిగలు చేసే ఇంట్లో పుట్టిన వాళ్లకి పూర్ణం ఎంత గట్టిగా ఉండాలో, పై పిండి ఎంత పలచగా వత్తాలో చెప్పనక్కర్లేదు. ఇక్కడా అదే లెక్క: పూర్ణం జారుడుగా ఉంటే పని చెడినట్టే. నా మాట ఒక్కటి వింటే చాలు, పూర్ణం ముందు రోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక్క రోజులో అన్నీ చేసేద్దాం అనుకునే వాళ్లకే ఓవెన్ ముందు టెన్షన్ మొదలవుతుంది.

సామాను చెప్తాను, సుమారు 30 బిస్కెట్లకు సరిపోతుంది. పూర్ణానికి ఎండు అంజీర్ 200 గ్రాములు, కిస్‌మిస్ 75, గింజ తీసిన ఖర్జూరం 50, బాదం 50, వాల్‌నట్ 25 (లేకపోతే జీడిపప్పు వేసుకోండి, సిసిలీ వాళ్లు వేయరు కానీ కిలోల లెక్కన జీడిపప్పు దొరికే ఊళ్లో ఉంటూ వాల్‌నట్ కోసం తిరగడం ఎందుకు), తేనె రెండు టేబుల్ స్పూన్లు, ఒక కమలాపండు రసం, దాని పై తొక్క, దాల్చిన చెక్క పొడి అర టీస్పూను, లవంగాల పొడి రెండు చిటికెలు. ఇష్టమైతే డార్క్ చాక్లెట్ 40 గ్రాములు. పై పిండికి మైదా 300 గ్రాములు, పొడి చేసిన చక్కెర 90, ఉప్పు లేని వెన్న 120, ఒక గుడ్డు, పాలు రెండు మూడు టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, కాస్త వెనిలా. పూతకి ఐసింగ్ షుగర్ 120 గ్రాములు. డ్రైఫ్రూట్స్ గాంధీ రోడ్డు వైపు షాపుల్లో విడిగా తూకానికి దొరుకుతాయి, చిత్తూరు వాళ్లయితే బజారు వీధిలో చూసుకోండి. వెనిలా, బటర్ పేపర్, స్ప్రింకిల్స్ కేకు సామాన్లు అమ్మే షాపులో తీసుకోండి. స్ప్రింకిల్స్ డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూడండి, కొన్నింట్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అవేవీ దొరక్కపోతే చక్కెర పూసిన రంగుల సోంపు చాలు, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది.

కప్పులతో కొలవకండి. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి, మైదా కప్పులో నొక్కి పోస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకో లెక్క వస్తుంది.

ఇక నారింజ తొక్క. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నన్నడిగితే అంజీర్ తర్వాత ముఖ్యమైనది ఇదే. చీనీకాయ తొక్క పనికిరాదు, దానికి ఆ వాసన లేదు. డిసెంబరులో బండ్ల మీద వచ్చే కమలాపండ్లు తీసుకుని, గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు వేసి బాగా రుద్ది కడిగి, పైన ఉండే నారింజ రంగు పొర మాత్రం సన్నటి తురుము పీటతో తురమాలి. కింద తెల్లటి భాగం వచ్చిందంటే చేదు వస్తుంది. ఇంకా ఓపిక ఉంటే తొక్కను పాకంలో ఉడికించుకోండి, సిసిలీ ఇళ్లలో చాలామంది అలాంటిదే వాడతారు. రెండు పండ్ల తొక్క సన్నగా చీల్చి, నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయాలి. ఇలా మూడు సార్లు చేస్తే చేదు పోతుంది. తర్వాత తొక్క బరువుకి సమానంగా చక్కెర, అది మునిగేంత నీళ్లు పోసి సన్నటి మంట మీద తొక్క అద్దంలా మెరిసే వరకు ఉడికించి, తీసి ప్లేటు మీద ఆరబెట్టండి. మిగిలిన పాకం పారేయకండి, పూర్ణంలో తేనెకు బదులు అదే వేయొచ్చు.

పూర్ణం తయారీకి ముందు బాదం, వాల్‌నట్ దోరగా వేయించి చల్లార్చి కచ్చాపచ్చాగా దంచండి, పొడి చేయొద్దు, పంటి కింద పడాలి. అంజీర్ కడిగి, గుడ్డతో తుడిచి, తొడిమ దగ్గర గట్టి ముక్క కత్తిరించి పారేసి, కత్తెరతోనే నాలుగు ముక్కలు చేసుకోండి. కమలా రసం గోరువెచ్చగా చేసి అందులో అంజీర్, కిస్‌మిస్, ఖర్జూరం వేసి అరగంట మూత పెట్టండి. నీళ్లలో నానబెట్టకండి, రుచంతా నీళ్లలోకి పోతుంది, పైగా పూర్ణం పలచనవుతుంది. అక్కడ చాలామంది మార్సాలా అనే వైన్ పోస్తారు, మార్సాలా సిసిలీ పడమటి తీరంలో ఉన్న ఊరి పేరే. మనకి ఆ అవసరం లేదు, కమలా రసంలో అర చెక్క నిమ్మరసం పిండితే ఆ పులుపు సరిపోతుంది.

రుబ్బడానికి రోలు ఉంటే అదృష్టవంతులు. రోట్లో నానిన పండ్లు వేసి దంచితే ముద్ద సరిగ్గా ఎలా ఉండాలో అలా వస్తుంది. మిక్సీ అయితే చిన్న జారులో, బ్లేడుకి రెండు చుక్కలు నూనె రాసి, కొద్దికొద్దిగా వేసి, తిప్పి ఆపి తిప్పి ఆపి చేయాలి. ఒకేసారి నింపి ఆన్ చేసి వదిలేస్తే బ్లేడు కింద మెత్తటి పేస్టు, పైన ముక్కలు అలాగే ఉండి, మోటారు వేడెక్కి ఆగిపోతుంది. మరీ నున్నగా కూడా వద్దు.

ఈ ముద్దలో బాదం, తొక్క, మసాలా పొడులు, తేనె, చాక్లెట్ ముక్కలు కలిపితే పూర్ణం అయిపోయినట్టే. పిడికిట్లో పట్టి వదిలితే ఆకారం నిలవాలి, చేతికి తడి అంటకూడదు. తడిగా ఉంటే మందపాటి గిన్నెలో వేసి సన్నటి మంట మీద నాలుగైదు నిమిషాలు కలియబెట్టండి (చాక్లెట్ మాత్రం చల్లారాకే). అప్పటికీ లొంగకపోతే రెండు స్పూన్ల బ్రెడ్ పొడి కలపండి. సిసిలీలో కొందరు ద్రాక్ష రసాన్ని నల్లగా, చిక్కగా కాచి పూర్ణంలో కలుపుతారు. ఆ ముదురు తీపి మనకు కావాలంటే తేనెకు బదులు చిత్తూరు బెల్లం ఒక చిన్న ముక్క కరిగించి, వడకట్టి, చిక్కబడ్డాక కలపండి. చాలా బాగుంటుంది, నేను తేనె కంటే దీనికే ఓటేస్తాను. అదీగాక ఏడాది నిండని పిల్లలున్న ఇంట్లో తేనె వాడకపోతే ఎవరికి పెట్టాలి ఎవరికి పెట్టకూడదు అన్న జాగ్రత్త ఒకటి తగ్గుతుంది. పూర్ణం మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. వారం ముందు చేసి పెట్టుకున్నా చెడిపోదు.

పై పిండికి వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చిన్న ముక్కలు కోసి, మైదా, చక్కెర పొడి, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపిన దాంట్లో వేసి వేళ్ల చివర్లతో నలపండి. అరచేయి తగలనివ్వకండి, అరచేతి వేడికి వెన్న కరిగిపోతుంది, మన ఊళ్లో డిసెంబరులో కూడా మధ్యాహ్నం వంటిల్లు చల్లగా ఏమీ ఉండదు. రవ్వలా అయ్యాక గిలకొట్టిన గుడ్డు, వెనిలా వేసి, పాలు చెంచా చెంచాగా పోస్తూ ముద్ద దగ్గరకు రాగానే ఆపేయండి. చపాతీ పిండిలా పిసికితే బిస్కెట్ గట్టిపడుతుంది, పిసికే కొద్దీ మైదాలో గ్లూటెన్ అనే జిగురు సాగుతుంది కదా, ఇక్కడ మనకు అది వద్దు. ముద్దని అప్పంలా చదును చేసి కవర్లో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

గుడ్డు ఇంట్లోకి రానివ్వని వాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లు గుడ్డుకి బదులు గట్టి పెరుగు మూడు టేబుల్ స్పూన్లు వేసి, పాలు తగ్గించుకోవచ్చు. బిస్కెట్ కొంచెం ఎక్కువ గుల్లగా వస్తుంది, అంతే తేడా. వెన్న బదులు నెయ్యి అయితే 100 గ్రాములు చాలు, వెన్నలో నీళ్లుంటాయి, నెయ్యిలో ఉండవు. కాకపోతే నెయ్యి పేరుకుని గట్టిగా ఉన్నప్పుడే కలపాలి, పాలు ఇంకో చెంచా పడుతుంది. అసలు సిసిలీ పాత పద్ధతిలో వాడేది పంది కొవ్వు, కాబట్టి నెయ్యి వేస్తే అసలుది కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. గోధుమ పిండి మాత్రం వద్దు. సగం సగం కలిపినా పై పొర అట్టలా అవుతుంది.

చుట్టేటప్పుడు పిండిని నాలుగు భాగాలు చేసి ఒకటి బయట, మూడు ఫ్రిజ్‌లో ఉంచండి. పాల ప్యాకెట్ కవర్లు రెండు కడిగి తుడిచి, వాటి మధ్య పిండి పెట్టి అప్పడాల కర్రతో పొడుగ్గా వత్తండి, వెడల్పు నాలుగు వేళ్లు, మందం 3 మిల్లీమీటర్లు. పూర్ణాన్ని బొటనవేలు లావు కడ్డీలా చేసి నిలువునా మధ్యలో పెట్టి, కవర్ సాయంతో పిండిని దాని మీదికి మడిచి, అంచులు కలిసే చోట తడి వేలితో అద్ది మూసేసి, ఆ అతుకు కిందికి వచ్చేలా తిప్పండి. అప్పుడు కత్తితో రెండు వేళ్ల వెడల్పు ముక్కలు ఏటవాలుగా కోయాలి. ప్రతి ముక్క మీద రెండు చిన్న గాట్లు పెడితే ఆవిరి బయటికి పోతుంది, పగలదు. ఇంకొంచెం పొడుగ్గా కోసి, ఒక పక్క మూడు నాలుగు గాట్లు పెట్టి చంద్రవంకలా వంచితే గాట్లు విచ్చుకుని లోపలి పూర్ణం కనిపిస్తుంది, అది అందంగా ఉంటుంది కానీ మొదటి ట్రే అలా చేయకండి, చేయి కుదిరాక చేద్దురు.

కజ్జికాయల చెక్క వాడొచ్చా అంటే వాడొచ్చు. లోపల మైదా చల్లి, పిండి చల్లగా ఉన్నప్పుడే పెట్టి, పూర్ణం సగానికి తక్కువ పెట్టి నొక్కండి. ఇంకా ఎక్కువ పెడితే పళ్ల దగ్గర చీలి, ఓవెన్లో తేనె కారి మాడుతుంది. ఆ ఆకారం సిసిలీది కాదు గానీ పిల్లలతో చేయించడానికి ఇదే తేలిక. చుట్టిన ముక్కలు ట్రేలో సర్ది పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి ఓవెన్లోకి పంపిస్తే ఆకారం నిలుస్తుంది, ట్రే పట్టకపోతే ప్లేట్లలో పెట్టండి.

ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) అయితే 180 డిగ్రీల మీద పై కింది రాడ్లు రెండూ వేసి పావుగంట ముందే వేడి చేసుకోండి. మధ్య అరలో 16 నుంచి 18 నిమిషాలు. చిన్న ఓటీజీలో పై రాడ్ బిస్కెట్లకి దగ్గరగా ఉంటుంది కాబట్టి 170కి తగ్గించి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయినా కన్వెక్షన్ మోడ్‌లో 170 చాలు. పైన రంగు చూసి నిర్ణయించకండి, పైభాగం లేత రంగులోనే ఉండాలి. ఒకటి తిప్పి చూస్తే అడుగు బంగారు రంగు వచ్చి ఉంటే అయిపోయినట్టే. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, ఇంకా కాలలేదేమో అని మళ్లీ లోపల పెట్టారంటే చల్లారాక రాళ్లవుతాయి.

ఓవెన్ లేని వాళ్లకి మందపాటి పాత బాణలి చాలు, నాన్‌స్టిక్ మాత్రం ఖాళీగా వేడి చేయకూడదు, దాన్ని పక్కన పెట్టండి. అడుగున వేలెడు మందం కల్లుప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, గట్టి మూత పెట్టి మధ్య మంట మీద పది పదిహేను నిమిషాలు వేడి చేయండి. తర్వాత మంట బాగా తగ్గించి, నెయ్యి రాసిన ప్లేటులో ఆరేడు ముక్కలు దూరం దూరంగా పెట్టి మూత వేసి 20 నుంచి 25 నిమిషాలు. కుక్కర్ వాడితే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, ఇది మర్చిపోకూడని సంగతి. ఇలా చేస్తే పైన రంగు రాదు, అడుగు మాత్రం త్వరగా ఎర్రబడుతుంది, కాబట్టి 18వ నిమిషం నుంచే ఒకసారి చూస్తూ ఉండండి. ఎలాగూ పైన పూత పడుతుంది కాబట్టి తెల్లగా ఉన్నా ఎవరికీ తెలియదు. నాలుగైదు విడతలు పడుతుంది, మిగతా ముక్కలు అంతవరకు ఫ్రిజ్‌లోనే. ఉప్పు చల్లారాక డబ్బాలో పోసి మళ్లీ ఇదే పనికి దాచుకోండి, కూరల్లోకి వాడకండి.

పూత వేయాలంటే బిస్కెట్లు పూర్తిగా చల్లారాలి. ఐసింగ్ షుగర్ జల్లించి, అందులో నిమ్మరసం గానీ పాలు గానీ టీస్పూను టీస్పూనుగా నాలుగైదు స్పూన్లు కలపండి. చెంచాతో ఎత్తి వదిలితే మెల్లగా జారాలి. నేను నిమ్మరసమే అంటాను, అంజీర్ తీపికి ఆ పులుపు కావాలి. బిస్కెట్ తలకిందులుగా ముంచి తీసి, పూత తడిగా ఉండగానే రంగుల గింజలు చల్లండి, నిమిషం ఆలస్యమైనా అవి అంటకుండా దొర్లిపోతాయి. ఆరడానికి ఫ్యాన్ కింద రెండు మూడు గంటలు. నవంబరు, డిసెంబరులో అల్పపీడనం పట్టి ముసురు కమ్ముకుంటే మాత్రం పూత ఎంతకీ ఆరదు, జిగురుగానే ఉంటుంది. ఆ రోజు పూత వేయకండి, మామూలు బిస్కెట్లే డబ్బాలో పెట్టుకుని, ఎండ వచ్చిన రోజు వేసుకోండి, లేదా తినే ముందు చక్కెర పొడి చల్లి ఇచ్చేయండి.

మామిడి గురించి అడుగుతారని తెలుసు, తోతాపురి గుజ్జు డబ్బాలకెక్కి దేశాలు దాటే జిల్లాలో ఉంటూ అడగకుండా ఎలా ఉంటారు. అంజీర్ సగం తగ్గించి ఆ బరువుకి మామిడి తాండ్ర సన్నగా కోసి కలపండి, తేనె పూర్తిగా మానేయండి, లవంగం బదులు యాలకులు వేయండి. తాండ్ర నానబెట్టకూడదు, మిక్సీలోనూ వేయకూడదు, చివర్లో ముక్కలుగా కలపాలి. అది కుచ్చిదాతి అనిపించుకోదు, కానీ మంచి బిస్కెట్టే. తాజా మామిడి గుజ్జు, పండ్ల జామ్, సీతాఫలం లాంటివి మాత్రం ప్రయత్నించకండి, వాటిలో ఉన్న నీళ్లు ఓవెన్లో ఆవిరై పై పొరని చీల్చుకుని వస్తాయి.

చేసిన రోజు కంటే రెండో రోజు, మూడో రోజు రుచి ఎక్కువ. పూర్ణంలో తడి పై పొరలోకి కొంచెం ఎక్కి బిస్కెట్ మెత్తబడుతుంది, మసాలాలు కలిసిపోతాయి. అందుకే 25వ తేదీకి కావాలంటే 22న పూర్ణం, 23న బిస్కెట్లు చేసుకోండి. స్టీలు డబ్బాలో బటర్ పేపర్ పొరల మధ్య సర్దితే పూత లేనివి రెండు వారాలు, పూత వేసినవి వారం బాగుంటాయి. పూత ఉన్నవి ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులు కారతాయి. ఊరికి పంపాలంటే కూడా పూత లేనివే పంపండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి అంజీర్ కదా, మంచిదేలే అని రెండు మూడు పెట్టేయకండి, ఇందులో పండ్ల చక్కెర, మామూలు చక్కెర రెండూ గట్టిగానే ఉన్నాయి. బాదం, జీడిపప్పు పడని పిల్లలుంటే గింజలు మొత్తం తీసేసి వేయించిన నువ్వులు గానీ, ఉత్త పండ్ల పూర్ణం గానీ పెట్టి వాళ్ల ముక్కలు వేరుగా చుట్టండి, ముందు వాళ్లవి చుట్టి ఆ తర్వాత గింజల పూర్ణం ముట్టుకోండి.

పిండి అయిపోయి పూర్ణం మిగిలిందా, చేతికి నెయ్యి రాసుకుని చిన్న ఉండలు చేసి కొబ్బరి పొడిలో దొర్లించండి. పిండి మిగిలితే పలచగా వత్తి, ముక్కలు కోసి, అదే వేడి మీద పది పన్నెండు నిమిషాలు కాల్చండి, సాయంత్రం టీలోకి పనికొస్తాయి.